ఉనికి: నిన్నటిదే

మాఘ బహుళ విదియ
ఉనికి: నిన్నటిదే.
మోకులు: పదహారూ గట్టివే.
విశేషం:

ఈ గడిలో ఇన్నేళ్లూ "ఏమీ లేదు" అని తప్ప రాయలేదు. ఇవాళ రాస్తాను. పైన ఎవరు చదువుతారో చదవనీ, ఒళ్లు మండిపోతోంది నాకు.

నేను పెమ్మాడి నూకరాజుని. తెప్పలూరులో పద్నాలుగో తెప్పకి మోకుల మనిషిని. సముద్రం ఊళ్లోకొచ్చేసరికి ఊరు సముద్రం మీదకెక్కింది, అది మా తాతల నాటి మాట. ఒక్కో తెప్ప మీద ఒక్కో పేట. మా దాని మీద నలభై రెండిళ్లు. కింద ఒండ్రు మేటేస్తుంది కాబట్టి అమావాస్యకీ పున్నానికీ మోకులు వదులు చేసి తెప్పని కాస్త పక్కకి జరపాలి. రోజూ పొద్దున్నే ఎక్కడున్నామో ఈ పుస్తకంలో రాయాలి. అదీ నా ఉద్యోగం. పెద్ద తుఫానుకి యంత్రాలన్నీ చచ్చి ఊరుకున్నాయి కదా, అప్పట్నుంచీ చేత్తో రాసిందే చెల్లుతుందని రూలు. పుస్తకానికి ఒక కన్నుంటుంది. రాసింది చూసి పైకి పంపేస్తుంది.

సరే, నా గోల. మా ఆవిడ ధనకొండ మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. తిండి తినక కాదు, నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటోంది. అయినా జాకెట్లు వేలాడుతున్నాయి. చలికాలంలో చెమటలు. చేతులు వణుకుతున్నాయి, నిన్న చేపల పులుసు గిన్నె జారిపోయి కాలి మీద పడింది. "ఏం లేదయ్యా, వయసు" అంటుంది. నాకు లేదా వయసు? నాకెందుకు వణకట్లేదు చేతులు?

తెప్ప మీదున్న వైద్యం పెట్టెలన్నింటి దగ్గరికీ తిప్పాను. గుండె పెట్టె, "గుండె వేగంగా కొట్టుకుంటోంది, గుండెలో మాత్రం లోపం లేదు" అంది. కంటి పెట్టె, "కళ్లు కాస్త ముందుకొచ్చాయి, చూపు బాగుంది" అంది. కీళ్ల పెట్టె కీళ్లు బాగున్నాయంది. ఎవరి ముక్క వాళ్లకి బాగానే ఉంది, మనిషే బాగాలేదు. చివరికి అన్నీ ఒకటే పాట: "జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించండి." అంటే మనిషి డాక్టరు, ఒళ్లంతా చూసే డాక్టరు. ఆ డాక్టరు చీటీ రాస్తే తప్ప ఈ పెట్టెలు మాత్ర కూడా రాల్చవు. రేపు సహాయ కేంద్రానికి ఫోను చేస్తాను.

మాఘ బహుళ తదియ
ఉనికి: నిన్నటిదే.
మోకులు: గట్టివే.
విశేషం:

సహాయ కేంద్రంలో మాట్లాడేది యంత్రమే, కానీ "అండీ" లేకుండా మాట్లాడదు. మర్యాదతో చంపుతుంది.

"ప్రజారోగ్య కార్డు తీసుకునే జనరల్ మెడిసిన్ క్లినిక్ కావాలండీ, దగ్గర్లో" అన్నాను.

"తప్పకుండానండీ. మీ తెప్పకి మూడు కిలోమీటర్ల లోపు మూడు క్లినిక్‌లున్నాయండీ" అని మూడు పేర్లు చదివింది. మూడూ పాత రేవు వైపు! పాత రేవు మాకు తొమ్మిది కిలోమీటర్లు. గట్టిగా తెడ్డేస్తే మూడు గంటల దారి.

"అమ్మా, మా ఇంటి చూరు కింద నిలబడితే తొమ్మిదో తెప్ప మీద జనరల్ మెడిసిన్ క్లినిక్ బోర్డు కనపడుతోంది. ఇక్కడ తుమ్మితే అక్కడ చిరంజీవ అంటారు. అది చెప్పవేం?"

"అది మీకు స్థానికం కాదండీ. స్థానిక క్లినిక్‌లోనే కార్డు చెల్లుతుందండీ."

సాయంత్రం ఒళ్లు మండి తొమ్మిదో తెప్పకి వెళ్లాను. అక్కడి కుర్రాడు కార్డు చూసి, "మాకు పైనుంచొచ్చిన జాబితాలో మీ పద్నాలుగో తెప్ప లేదు బాబాయ్" అన్నాడు. డబ్బిస్తానన్నా వినలేదు. మనిషి డాక్టరు కార్డు మీదే చూడాలట, లేకపోతే లైసెన్సు పోతుందట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

పక్కింటి భవానొదిన మా ఆవిడకి రాగి జావ తెచ్చింది. కిందటి కార్తీకంలో వాళ్లాయన కోటిలింగం అన్న పోయాడు, ఇరవై రోజుల జ్వరంతో. నేను తిట్టుకుంటూ ఉంటే విని, "మాకూ ఇంతే నూకరాజూ. తిరిగాం తిరిగాం, ఎక్కడా తీసుకోలేదు. మా కార్డుకే యోగం లేదనుకున్నాం" అంది. కార్డుకి యోగమేమిటి వదినా అందామనుకున్నాను. ఆవిడ మొహం చూసి జావ గిన్నె అందుకున్నాను.

మాఘ బహుళ పంచమి
ఉనికి: నిన్నటిదే.
మోకులు: ఏడోది కాస్త వదులు. బిగించాలి.
విశేషం:

ధనకొండని దుప్పటి చుట్టి పడవలో కూర్చోబెట్టి పాత రేవుకి తీసుకెళ్లాను. మధ్యలో దుప్పటి విసిరేసి "ఉడికిపోతున్నాను" అంటుంది. మాఘమాసపు గాలికి నా పళ్లు టకటకలాడుతుంటే ఆవిడ ఉడికిపోతోంది.

మొదటి క్లినిక్ ఇప్పుడు వలలు అల్లే దుకాణం. రెండో దానికి బోర్డుంది, కుర్చీలున్నాయి, డాక్టరు లేరు. "ఎప్పుడొస్తారు?" అంటే "వేస్తారండి" అన్నారు. ఎవరు వేస్తారు, ఎప్పుడు వేస్తారు, అది ఆ భగవంతుడికే తెలియాలి.

మూడోది డాక్టర్ తబస్సుమ్ గారిది. అసలైన క్లినిక్. లోపల డాక్టరమ్మ దగ్గుతున్న ఒక ముసలాయన వీపు మీద వేళ్లతో తట్టి వింటోంది. తలుపు సందులోంచి చూసి నా ప్రాణం లేచొచ్చింది. అద్దం వెనక కూర్చున్న పిల్ల కార్డు గీకింది. ఎర్ర దీపం. మళ్లీ గీకింది. ఎర్ర దీపం.

"మీ తెప్ప మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉందండి. చెల్లదు."

"మీ సహాయ కేంద్రమే పంపింది కదమ్మా!"

"వాళ్లు రికార్డు చూసి చెబుతారండి. మా మిషను మీ తెప్ప మీదున్న సిగ్నల్ స్తంభాన్ని అడుగుతుంది, నువ్వెక్కడున్నావని. అది నిజం చెబుతుంది. రెండూ కలిస్తేనే పచ్చ దీపం."

బతిమాలాను. అరిచాను. నా చెయ్యి పట్టుకుని మా ఆవిడ "పదవయ్యా, పరువు పోతోంది" అంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురు పోటు. నాలుగున్నర గంటలు పట్టింది. ఆ అద్దం వెనక పిల్ల ఉందే, పొడుగాటి జడ, మొద్దు మొహం, మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. ఇది పైవాళ్లు చదవాలనే రాస్తున్నాను.

మాఘ బహుళ షష్ఠి
ఉనికి: నిన్నటిదే.
మోకులు: ఏడోది బిగించాను.
విశేషం:

మళ్లీ సహాయ కేంద్రం. గంటన్నర వీణ వినిపించారు.

"మా రికార్డు ప్రకారం మీరు పాత రేవు దగ్గరున్నారండీ."

"నేను లేనమ్మా! నా కాళ్ల కిందున్న తెప్ప నాకు తెలియదా?"

"రికార్డులో అలాగే ఉందండీ."

"ఎవడమ్మా రాసింది ఆ రికార్డు? వాడి చెయ్యి విరగ! వాడికి కళ్లున్నాయా, కాకులు పొడిచాయా?"

"మీ ఆవేదన నమోదు చేసుకున్నానండీ" అంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది దీని వ్యవహారం. ఫోను గోడకేసి కొట్టబోతే ధనకొండ లాక్కుంది. లాక్కునే చేతులు ఎంత వణికాయంటే, ఫోను ఆవిడ చేతిలోంచే కింద పడింది.

మాఘ బహుళ అష్టమి
ఉనికి: నిన్నటిదే.
మోకులు: చూడలేదు.
విశేషం:

పొద్దున్న బట్టలు ఆరేస్తూ ధనకొండ పడిపోయింది. గుండె మీద చెయ్యేస్తే లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టుంది. అత్యవసర పడవ వచ్చింది, అది మాత్రం పదే నిమిషాల్లో వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. సెలైను ఎక్కించారు. గుండె కాస్త నెమ్మదించింది. ఆ పడవలో మనిషి చీటీ మీద ఏం రాసిచ్చాడో తెలుసా? "జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించండి."

నవ్వొచ్చింది నాకు. తర్వాత పడవ వెనక్కి వెళ్లి ఏడ్చాను. ముప్పై నాలుగేళ్ల కాపురం. నేను వేడినీళ్లు సరిగ్గా కాచుకోలేనని ఇప్పటికీ నాకంటే ముందు లేస్తుంది. ఈవిడ లేకపోతే నేనేం కావాలి?

"ఈసారి పడితే ఇలా లేవకపోవచ్చు. త్వరగా చూపించండి" అని పడవ మనిషి నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

మాఘ బహుళ ఏకాదశి
ఉనికి:
మోకులు:
విశేషం:

ఉనికి గడి ఖాళీగా వదిలేశాను. ఎందుకో రాస్తాను.

ఇవాళ ఒక్కణ్ణే పాత రేవుకి వెళ్లాను. ధనకొండ దగ్గర భవానొదిన కూర్చుంది. అద్దం ముందు బైఠాయించి, "ఆ రికార్డేదో నాకు చూపిస్తే గానీ కదలను" అన్నాను. ఆ పిల్ల పేరు లిల్లీ అట. నిట్టూర్చి, బల్ల మీదున్న తెరని నా వైపు తిప్పింది.

"ఇదండి మీ తెప్ప రికార్డు. రోజూ మీ మోకులాయన రాసే పుస్తకమే. ఆయన ఏది రాస్తే అదే మాకు, సహాయ కేంద్రానికీ."

తెర మీద నా చేతిరాత. 'న' కింద వత్తు సాగదీసి రాసే నా రాత. ఉనికి: నిన్నటిదే. ఆ పిల్ల వేలితో వెనక్కి తోసింది. నిన్నటిదే. నిన్నటిదే. నిన్నటిదే. వేలు నొప్పెట్టేదాకా తోసింది. ఆరేళ్లు వెనక్కెళ్లాక గానీ ఒక అంకె కనపడలేదు: పాత రేవు గుర్తుకి పడమర నాలుగొందల ఇరవై గజాలు.

గుర్తొచ్చింది. ఆ మర్నాడు ముసురు. ఒడ్డు గుర్తు దాకా పడవేసుకుని వెళ్లి కొలవడానికి బద్ధకించి, ఈ ఒక్క పూటకీ అని "నిన్నటిదే" అని రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడూ రాశాను. అప్పట్నుంచీ అమావాస్యకి అరవై గజాలు, పున్నానికి డెబ్భై గజాలు అని తెప్పని నా చేతుల్తో నేనే జరుపుకుంటూ వచ్చాను. పుస్తకంలో మాత్రం ఆరేళ్లుగా ఆ ముసురు రోజు దగ్గరే లంగరేసి కూర్చున్నాను.

లిల్లీ మళ్లీ ముందుకి తోసి, మొన్న పంచమి నాటి పేజీ దగ్గర ఆపింది. "పొడుగాటి జడ, మొద్దు మొహం. ఇది నేనేనాండి?"

అవునన్నాను. అప్పుడా పిల్ల లేచి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంతకంటే తిట్టు ఉంటుందా?

"సరిదిద్దుకోవచ్చా అమ్మా?"

"రాయొచ్చండి. కానీ ఒక్కరోజులో తొమ్మిది కిలోమీటర్లు మారితే అది సవరణ కిందే లెక్కండి. సవరణలు కొత్త పుస్తకంతోనే అమల్లోకొస్తాయి. ఉగాదికి."

ఉగాదికి నెల పైనే ఉంది. ధనకొండకి అంత వ్యవధి లేదు. తెడ్డేస్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. వాడి చెయ్యి విరగ అన్నాను కదా. ఇదిగో, ఈ చెయ్యే.

మాఘ బహుళ ద్వాదశి
ఉనికి: పాత రేవు గుర్తుకి తూర్పున తొమ్మిది కిలోమీటర్ల నూట పది గజాలు. కొలిచాను.
మోకులు: గట్టివే.
విశేషం:

తెప్ప మధ్య గంట కొట్టి అందర్నీ పిలిచాను. మోకుల మనిషి గంట కొడితే తుఫానని పరిగెత్తుకొస్తారు. ఎసరు కింద పొయ్యి ఆర్పి వచ్చినవాళ్లూ ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కరూ మొదలెట్టారు. పుల్లంరాజు వాళ్లమ్మాయి కాన్పుకి కార్డు చెల్లక ఊరు దాటి వెళ్లింది. సత్యవేణికి షుగరుందని నాలుగేళ్లు తెలియలేదు. ఎవరికి వాళ్లు తమ కార్డే పాడైందనీ, తమ వేలిముద్రే అరిగిందనీ, తమ రాతే బాగాలేదనీ అనుకుని నోరు మూసుకున్నారు. పక్కింటివాళ్లకి చెబితే చిన్నతనం అనుకున్నారు. నలభై రెండిళ్లలో ఒక్కరి కార్డూ చెల్లలేదు ఆరేళ్లుగా.

తర్వాత తిట్లు. బూతులు కూడా. నిలబడి తిన్నాను. పుల్లంరాజు కొట్టడానికొచ్చాడు, కొట్టమన్నాను.

భవానొదిన మాత్రం నా వంకే చూస్తోంది. ఆ చూపు కంటే పుల్లంరాజు చెయ్యి నయం. అందరూ అరిచి అలిసిపోయాక లేచింది.

"ఉగాది దాకా ధనకొండ ఆగదు. పుస్తకం ఇప్పుడు మారదు. తెప్ప మారుతుంది కదా?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"రాసిన చోటికే తెప్పని తీసుకుపోదాం. ఇంకో మూడ్రోజుల్లో అమావాస్య, పెద్ద పోటు. పోటు ఎటూ పాత రేవు వైపే తోస్తుంది."

"తొమ్మిది కిలోమీటర్లు వదినా! అంత దూరం కదపాలంటే పైవాళ్ల అనుమతి కావాలి."

"దేనికి అనుమతి? పుస్తకం ప్రకారం మనం అక్కడే ఉన్నాం. ఉన్నచోట ఉండడానికి ఎవడి అనుమతి కావాలి?"

అంత కోపంలోనూ సత్యవేణి ఫక్కున నవ్వింది. పుల్లంరాజు ఇంకా నన్ను తిట్టబోతుంటే వదిన ఆపింది. "ముందు మోకులు విప్పించు. తిట్టడం ఎక్కడికీ పోదు."

మాఘ అమావాస్య
ఉనికి: దారిలో.
మోకులు: పదహారూ విప్పాను.
విశేషం:

తెల్లారేసరికి పడవలన్నీ తెప్ప ముందు బారు తీరాయి. ముప్పై ఒక్క పడవ. తాళ్లు కట్టింది నేను, ముడులు సరిచూసింది పుల్లంరాజు. నా ముడి మీద ఎవరికీ నమ్మకం లేదిప్పుడు. మంచిదే.

పోటు అందుకోగానే ఇళ్లు, కోళ్ల గూళ్లు, ఆరేసిన బట్టలు, బడి, పొయ్యి మీద అన్నం, అన్నీ కదిలాయి. తొమ్మిదో తెప్ప పక్కనుంచి పోతుంటే ఆ క్లినిక్ కుర్రాడు బయటికొచ్చి, "ఎక్కడికి బాబాయ్?" అని అరిచాడు. "డాక్టరు దగ్గరికి!" అన్నారు పడవల్లోంచి నలుగురు.

ధనకొండ మంచంలో లేచి కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. "నా ఒక్కదాని కోసం ఊరంతా కదిలించావటయ్యా, సిగ్గు లేదూ" అంది. ఏం చెప్పను? ఆవిడ ఒక్కదాని కోసం కాదు. ముందే కదలాల్సింది.

మధ్యాహ్నం లోపు పాత రేవు గుర్తు కనపడింది. నాలుగొందల ఇరవై గజాల దగ్గర లంగర్లు దింపాం.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి
ఉనికి: పాత రేవు గుర్తుకి పడమర నాలుగొందల ఇరవై రెండు గజాలు. నేనూ భవానొదినా కలిసి కొలిచాం.
మోకులు: పదహారూ గట్టివే. పుల్లంరాజు చూశాడు.
విశేషం:

లిల్లీ కార్డు గీకింది. పచ్చ దీపం. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది, నలభై రెండిళ్లు కనపడ్డాయి. "రికార్డు సరిచేసుకోమంటే ఇదాండి మీరు చేసింది?" అని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

డాక్టర్ తబస్సుమ్ గారు ధనకొండని చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టారు. కాగితం గడగడా వణికింది. వెనక నిలబడి మెడ మీద వేళ్లు పెట్టి, నీళ్లు మింగమన్నారు. "ఇదిగో, ఇక్కడుంది. థైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేస్తోందమ్మా. గుండె, చెమటలు, కళ్లు, బరువు, అన్నీ దీని వల్లే. మందుంది. ఇంకో నెల పోతే గుండె తట్టుకునేది కాదు." అంతా కలిపి నాలుగు నిమిషాలు. మా పెట్టెలన్నీ ఎవరి ముక్క వాళ్లు చూశాయి. మెడకి పెట్టె లేదు.

బయట మా తెప్ప వాళ్లు బారులు తీరి ఉన్నారు, ఆరేళ్ల జబ్బులు పట్టుకుని. డాక్టరమ్మ ఇవాళ భోజనానికి కూడా లేవలేదు.

ఉగాది నుంచి పుస్తకం నేను రాయను. భవానొదిన రాస్తుంది, తెప్పంతా అదే అంది, నేనూ అదే అన్నాను. ఇంటికొచ్చాక పుస్తకం ఇమ్మంది. ఇచ్చాను. ఇప్పట్నుంచే నేర్చుకుంటుందేమో అనుకున్నాను. పేజీలు వెనక్కి తిప్పి తిప్పి కార్తీక బహుళ నవమి దగ్గర ఆగింది. పుస్తకం నా చేతిలో పెట్టి, "పైకి చదువు" అంది.

చదివాను. "ఉనికి: నిన్నటిదే. మోకులు: గట్టివే. విశేషం: ఏమీ లేదు."

ఆ రోజు పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. పొద్దున్నే ఇది రాసేసి, చేతులు కడుక్కుని మోయడానికి వెళ్లాను.

"ఏమీ లేదా నూకరాజూ?" అంది.

కలం తీసి నా వేళ్ల మధ్య పెట్టింది. పుస్తకంలో కొట్టివేతలు చెల్లవు కాబట్టి "ఏమీ లేదు" అన్నది అలాగే ఉంది. దాని పక్కన, ఆవిడ చూస్తుండగా రాశాను:

"ఇవాళ మా కోటిలింగం అన్న పోయాడు. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రోజుల జ్వరం. డాక్టరు ఉన్నారు, కార్డు ఉంది. మేమెక్కడున్నామో నేను రాయలేదు."